నాలుగేళ్లు కరాటే నేర్చుకున్నా ఆ క్షణంలో ఎందుకు కదలలేకపోయాను?

ముందుగా మీరు అడిగినదాన్ని నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే నా సమాధానమంతా ఆ సంఘటన మీదే ఆధారపడి ఉంటుంది. మీరు నాలుగేళ్లుగా కరాటే సాధన చేస్తున్నారు, బ్రౌన్ బెల్టు దాకా వచ్చారు. గత నెలలో ఒక రాత్రి, బండి తీయబోతుండగా ఇద్దరు వచ్చారు. ఒకడు మీ కాలరు పట్టుకుని గోడకు నొక్కాడు, రెండోవాడు మీ చేతిలోని ఫోను లాక్కున్నాడు. మీకు కొట్టడం సరికదా, అరవడం కూడా చేతకాలేదు. వాళ్లు వెళ్లిపోయాక చాలాసేపు కాళ్లు వణికాయి. అప్పటి నుంచి, నాలో యోధుడి లక్షణమే లేదా అన్న ప్రశ్న మిమ్మల్ని తొలుస్తోంది. ఇకమీదట ఎల్లప్పుడూ అప్రమత్తంగా ఉండటం ఎలా, జేబులో ఒక చాకు ఉంచుకోవడం మంచిదేనా అని కూడా అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఆత్మరక్షణ నేర్పుతున్నాను. మీలాంటి అనుభవంతో నా దగ్గరకు వచ్చినవారిలో బెల్టులు ఉన్నవారూ ఉన్నారు, జీవితంలో ఒక్కసారి కూడా పిడికిలి బిగించనివారూ ఉన్నారు. వారందరినీ చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: ఆ రాత్రి మీరు చేసిన పనిలో తప్పు లేదు, అది జరిగిన తీరులో మాత్రం లోటు ఉంది. ఇద్దరు మనుషులు, వెనుక గోడ, వాళ్ల దగ్గర ఏ ఆయుధం ఉందో తెలియని చీకటి. అలాంటి చోట ఫోను వదిలేసి ఒంటి మీద గాయం లేకుండా ఇంటికి చేరడం చాలామంచి ఫలితం. నన్ను అడిగితే నేనూ అదే చేసేవాణ్ని. అయితే ఫోను ఇచ్చేద్దామని మీరు నిర్ణయించుకుని ఇవ్వలేదు. అది మీ చేతిలోంచి పోయింది, అంతే. ఒకవేళ వాళ్లు ఫోనుతో ఆగకుండా మిమ్మల్ని బండెక్కించి మరోచోటికి తీసుకుపోవాలని చూసి ఉంటే, అప్పుడు కూడా మీరు అలాగే నిలబడి ఉండేవారు. మిమ్మల్ని నిద్రపోనివ్వకుండా చేస్తున్నది అసలు ఈ సంగతేనని నా అనుమానం. యోధ మనస్తత్వం అనే పెద్ద మాటను నేను చాలా చిన్నగా అర్థం చేసుకుంటాను: ప్రమాదం ఎదురైనప్పుడు తీసుకోవలసిన నిర్ణయాలలో వీలైనన్నింటిని, తీరిక ఉన్నప్పుడే, చల్లగా కూర్చుని తీసేసుకుని ఉండటం.

ముందు ఆ బిగుసుకుపోవడం గురించి. హార్వర్డులో శరీరధర్మ శాస్త్రం బోధించిన వాల్టర్ కానన్ 1915లో, భయం కలిగినప్పుడు శరీరం పోరాటానికో పలాయనానికో సిద్ధమవుతుందని వివరించాడు. ఆ మాట ఎంతగా ప్రచారంలోకి వచ్చిందంటే, మనిషికి ఆ రెండు దారులే ఉన్నాయని అందరూ అనుకుంటున్నారు. నిజానికి మూడోది ఉంది, అది చాలాసార్లు మిగిలిన రెండింటికంటే ముందే వస్తుంది. వేటాడే జంతువు కంటికి కదలిక త్వరగా ఆనుతుంది కాబట్టి, కదలకుండా ఉండిపోవడం ప్రాణులు ఎంతో కాలంగా ఒంటబట్టించుకున్న రక్షణ. పొదలో కుందేలు చేసేదీ అదే, గోడకు ఆనుకుని మీరు చేసిందీ అదే. దాన్ని పిరికితనం అనడం, కంట్లో నలుసు పడితే రెప్ప మూసుకోవడాన్ని పిరికితనం అన్నట్టు ఉంటుంది. ఎంతటి అనుభవజ్ఞుడికైనా ఆ స్తంభన వస్తుంది. తేడా అంతా అది అర సెకనులో వీడుతుందా, అర నిమిషం పడుతుందా అన్న దగ్గరే.

అది ఎందుకు సాగిపోతుందో అర్థం కావాలంటే అమెరికా వైమానిక దళంలో యుద్ధ విమానాలు నడిపిన జాన్ బాయిడ్ చెప్పిన ఒక వరుస ఉపయోగపడుతుంది. ఎవరైనా ఒక పరిస్థితిలో చేసేవి నాలుగు పనులని ఆయన అంటాడు: గమనించడం, గమనించినదాన్ని తనకు తెలిసినదానితో సరిపోల్చుకుని అర్థం చేసుకోవడం, నిర్ణయించుకోవడం, ఆచరించడం. ఇప్పుడు ఆ రాత్రిని ఈ వరుసలో పెట్టి చూడండి. ఆ ఇద్దరూ మిమ్మల్ని దూరం నుంచే గమనించారు, ఒంటరిగా ఉన్నారని అర్థం చేసుకున్నారు, ఎవరు పట్టుకోవాలో ఎవరు లాక్కోవాలో నిర్ణయించుకున్నారు. వాళ్ల చెయ్యి మీ కాలరు మీద పడేసరికి వాళ్లు నాలుగో మెట్టు మీద ఉన్నారు, మీరు ఇంకా మొదటి మెట్టు ఎక్కుతున్నారు. మీ మనసు ఆ సమయంలో ఏం చేస్తూ ఉండి ఉంటుందో నేను ఊహించగలను: ఇది నిజంగానే జరుగుతోందా, తెలిసినవాళ్లెవరైనా ఆటపట్టిస్తున్నారా, ఎవరనుకుని నన్ను పట్టుకున్నారు, ఇలాంటి ప్రశ్నలు. కరాటే తరగతి మీకు నాలుగేళ్లపాటు నాలుగో మెట్టు మాత్రమే నేర్పింది. అక్కడ ఎదుటివాడు నమస్కరించి, నిలబడి, ఫలానా దెబ్బ వేస్తానని చెప్పి వేస్తాడు. మొదటి మూడు మెట్లు మీ బదులు గురువుగారే ఎక్కేశారు.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. 1952లో బ్రిటన్‌కు చెందిన విలియం హిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఎంచుకోవలసిన ప్రత్యామ్నాయాలు పెరిగేకొద్దీ మనిషి స్పందించడానికి పట్టే సమయం కూడా పెరుగుతుందని ప్రయోగాలతో చూపించాడు. కాలరు పట్టు విడిపించుకునే పద్ధతులు మీకు ఎన్ని వచ్చు? ఆరో ఏడో వచ్చి ఉంటాయి. సాధన గదిలో అది సంపద, గోడ దగ్గర అది బరువు. అగ్నిమాపక దళాల అధికారులు మంటల మధ్య ఎలా నిర్ణయాలు తీసుకుంటారో 1980ల నుంచి అధ్యయనం చేసిన గేరీ క్లైన్‌కు కనిపించింది కూడా ఇలాంటిదే: అనుభవజ్ఞులు నాలుగు మార్గాలను పక్కపక్కన పెట్టి బేరీజు వేసుకోరు. ఇది ఫలానా రకం మంట అని గుర్తుపట్టి, మనసుకు తట్టిన మొదటి పనికొచ్చే మార్గాన్నే పట్టుకుంటారు. అంటే వాళ్ల చురుకుదనం చేతుల్లో లేదు, గుర్తుపట్టడంలో ఉంది.

కాబట్టి మీరు మొదట చేయవలసిన సాధనకు ఒక కాగితం, ఒక పెన్ను చాలు. ఇది విని నా విద్యార్థుల్లో సగం మంది నిరుత్సాహపడతారు, చెమటోడ్చే పని ఏదైనా చెబుతానని ఆశిస్తారు. పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త చాలాకాలంగా పరిశోధించిన విషయం ఒకటుంది: ధైర్యంగా ఉంటాను అని సంకల్పించుకోవడంకంటే, ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముడిపెట్టుకున్నప్పుడు ఆ పని జరిగే అవకాశం ఎక్కువ. ముడి పడ్డాక, ఎదురుగా కనబడే సంకేతమే పనిని లాక్కొస్తుంది, మధ్యలో తర్జనభర్జనకు చోటుండదు. నేను రాయించే ముడులు కొన్ని ఇలా ఉంటాయి. ఎవరైనా నా వస్తువు కోసం బెదిరిస్తే, ఆ వస్తువును వాళ్లకు ఒక పక్కగా విసిరి రెండో పక్కకు పరుగెత్తుతాను. ఎవరైనా నన్ను ఉన్నచోటి నుంచి మరోచోటికి కదిలించాలని చూస్తే, ఆయుధం చూపినా సరే, అక్కడే అరిచి, కొరికి, పెనుగులాడతాను, ఎందుకంటే వాళ్లు ఎంచుకున్న రెండో చోటు నాకు ఎప్పుడూ మొదటి చోటుకంటే హీనంగానే ఉంటుంది. అపరిచితుడు రెండు చేతుల దూరం దాటి లోపలికి వస్తే, చేతులు పైకి వస్తాయి, ఒక అడుగు వెనక్కి పడుతుంది.

మీ కాగితం మీద మూడే మూడు సంగతులు ఉండాలి. దేన్ని వాదన లేకుండా ఇచ్చేస్తారు, దేన్ని ప్రాణం పోయినా ఇవ్వరు, ఏ సంకేతం కనబడితే ఇక మాటలు ఆపేస్తారు. రెండో దాని దగ్గర తొందరపడకండి. ఒక విద్యార్థి మొదట అక్కడ తన ద్విచక్రవాహనం పేరు రాశాడు. ఆ కాగితం ఇంట్లో భార్యకు చూపించి, మరుసటి వారం కొట్టేసుకుని వచ్చాడు. ఇంట్లో ఇంకెవరైనా మీతో పాటు తిరిగేవాళ్లుంటే వాళ్లతో కూడా మాట్లాడుకోండి. నేను పరుగెత్తు అన్నప్పుడు ఎందుకని అడగకుండా పరుగెత్తాలి అన్న ఒప్పందం ముందే లేకపోతే, ఆ సమయంలో ఒకరికోసం ఒకరు ఆగిపోయి ఇద్దరూ చిక్కుకుంటారు.

కాగితం మీద రాసింది గొంతులోకి, కాళ్లలోకి దిగాలి. ఇక్కడ ఒక తరగతి సంగతి చెబుతాను. నలభై దాటిన ఒకావిడ, ఆసుపత్రిలో రాత్రి విధులు చేసే మనిషి, నా దగ్గర చేరారు. మెత్తటి రక్షణ కవచం తొడుక్కున్న నా సహాయకుడు మూడడుగుల దూరంలో నిలబడి ఆమె మీద గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. ఆమె చేయవలసింది చేతులు పైకెత్తి ఆగు అని అరవడం, అంతే. మొదటిసారి ఆమె నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు. రెండోసారి ఏదో గొణిగారు. మూడోసారి అలవాటు కొద్దీ క్షమించండి అన్నారు, అందరం నవ్వాం, ఆమె కూడా నవ్వారు. ఏడోసారికి వచ్చిన అరుపుకు పక్క గదిలోవాళ్లు తలుపు తీసి చూశారు. ఆ రోజు ఆమె ఒక్క దెబ్బ కూడా నేర్చుకోలేదు. నా లెక్కలో మాత్రం ఆ నెలలో అందరికంటే ఎక్కువ నేర్చుకున్నది ఆమే. మీరు ఆ రాత్రి అరవలేకపోయారన్నారు కదా, నాలుగేళ్లలో మీ తరగతిలో ఎన్నిసార్లు నిజంగా ఒక మనిషిని ఉద్దేశించి అరిచారో గుర్తు చేసుకోండి. దెబ్బతో పాటు పెట్టే కేక వేరు, ఎదుటి మనిషి కళ్లలోకి చూసి ఆగమని ఆజ్ఞాపించే గొంతు వేరు.

ఇలాంటి శిక్షణ పనిచేస్తుందనడానికి మంచి ఆధారమే ఉంది. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది చదువుతున్న దాదాపు 900 మంది యువతులతో షార్లిన్ సెన్ బృందం చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. కొందరికి కరపత్రాలు మాత్రమే ఇచ్చారు, మిగిలినవారికి 12 గంటల శిక్షణ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవారు మొదటి గుంపులో 9.8 శాతం ఉంటే, శిక్షణ పొందినవారిలో 5.2 శాతం. ఆ 12 గంటల్లో దెబ్బలు నేర్పిన సమయం కొంతే. మిగిలిన సమయమంతా ప్రమాదాన్ని గుర్తించడానికి, ముఖ్యంగా తెలిసినవారి నుంచి వచ్చేదాన్ని గుర్తించడానికి, మొహమాటాన్ని దాటి ఎదిరించడానికి కేటాయించారు. మొహమాటం అన్న ఆ మాట దగ్గర కాస్త ఆగండి. దాడికి ముందు వచ్చే మనిషి చాలాసార్లు మర్యాదగా సమయం అడుగుతాడు, దారి అడుగుతాడు, సాయం అడుగుతాడు. అడుగుతూ దగ్గరికి జరుగుతాడు. వెనక్కి జరిగితే ఏమనుకుంటాడో అని మనం ఆగిపోతాం. ఆ ఆగిపోయిన ఒక్క అడుగే అతనికి కావలసింది.

దూరం గురించి చెప్పాలంటే సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ పేరు తలచుకోక తప్పదు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని, అంటే సుమారు ఆరున్నర మీటర్లను, ఒకటిన్నర సెకనులో దాటేయగలడని ఆయన కొలిచి 1983లో ప్రచురించాడు. ఒరలోంచి తుపాకీ తీసి కాల్చడానికి శిక్షణ పొందిన అధికారికి పట్టే సమయం కూడా ఇంచుమించు అంతే. తరువాత చాలామంది దీన్ని ఇరవై ఒక్క అడుగుల నియమం అని పేరు పెట్టి, ఆ గీత దాటితే ఏం చేసినా చెల్లుతుందన్నట్టు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చూపించాలనుకున్నది అది కాదు. దూరమంటే సమయమని, మనం సురక్షితం అనుకునే దూరం నిజానికి చాలా తక్కువని ఆయన చూపించాడు. మనకు పనికొచ్చేది ఆ భాగమే. మీకూ అతనికీ మధ్య ఒక కారో, బల్లో, కనీసం ఒక చెత్తకుండీ అయినా ఉంటే, మీరు కొనుక్కున్నది అర సెకను. దగ్గరికి వచ్చేసినవాడితో మాట్లాడవలసి వస్తే, అరచేతులు అతని వైపు తెరిచి ఛాతీ ఎత్తులో ఉంచండి. చూసేవారికి అది గొడవ వద్దని బతిమాలుతున్నట్టు కనిపిస్తుంది, మీకు మాత్రం అది కంచె. చేతులు అప్పటికే పైన ఉన్నాయి కాబట్టి కాలరు దాకా అతని చెయ్యి రావాలంటే ముందు మీ చేతిని తాకాలి, తాకిన క్షణమే మీకు సంకేతం.

ఎల్లప్పుడూ అప్రమత్తంగా ఉండటం ఎలా అన్నారు. అలా ఉండకండి, ఉండలేరు కూడా. అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన జెఫ్ కూపర్ మనసు స్థితులకు రంగుల పేర్లు పెట్టాడు. తెలుపు అంటే పరిసరాల స్పృహే లేని స్థితి. పసుపు అంటే నిమ్మళంగా ఉంటూనే చుట్టూ ఏముందో తెలిసి ఉండటం. నారింజ అంటే ఫలానా మనిషి, ఫలానా కదలిక తేడాగా ఉందని గుర్తించడం. ఎరుపు అంటే, అతను ఇంకొక్క అడుగు వేస్తే నేను కదులుతాను అని నిశ్చయించుకున్న స్థితి. ఈ రంగులు చుట్టూ ఉన్న ప్రమాదం ఎంతో చెప్పేవి కావని, మీ మనసు ఎంత సిద్ధంగా ఉందో చెప్పేవని కూపర్ పదేపదే చెప్పినా, చాలామంది తిరగేసే చదువుతారు. రోజంతా నారింజలో తిరిగేవాడు వారం రోజుల్లో అలిసిపోతాడు, నెల రోజుల్లో ఇంట్లోవాళ్లను అలిసిపోయేలా చేస్తాడు. పసుపు అలా కాదు, అది బండి నడిపేటప్పుడు అద్దాల వైపు చూసే చూపులాంటిది, శ్రమ తెలియదు.

పసుపుకు అసలు శత్రువు భయం లేకపోవడం కాదు, దృష్టి మరోచోట చిక్కుకుపోవడం. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రిస్ చేసిన ప్రయోగం గురించి మీరు వినే ఉంటారు: బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటే, ఆటగాళ్ల మధ్యలోంచి గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచి వెళ్లి గుండెలు బాదుకున్నా చూసినవారిలో దాదాపు సగం మందికి కనబడలేదు. చేతిలో ఫోను, చెవిలో పాట ఉన్న మనిషి తనకేమీ కనబడలేదంటే అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే కనబడలేదు. రోజంతా తల తిప్పుతూ తిరగనక్కర్లేదు. బండి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, తాళం తీసేటప్పుడు, డబ్బు తీసేటప్పుడు, ఇలా ఒక స్థితిలోంచి మరో స్థితిలోకి మారే సమయాల్లో మాత్రం ఫోను జేబులో ఉంచి ఒకసారి నెమ్మదిగా చుట్టూ చూడండి. ముఖాలకంటే చేతులను చూడండి. మీకు హాని చేసేది చెయ్యే, ముఖం కాదు. ఎవరైనా అకారణంగా చెయ్యి వెనుక దాచినా, మీరు దారి మార్చగానే తానూ మార్చినా, ఇద్దరు మాట్లాడుకోకుండానే విడిపోయి మీకు రెండు పక్కలా వచ్చినా, నారింజలోకి వెళ్లడానికి అది చాలు. మీ విషయంలో ఆ చివరిదే జరిగి ఉంటుందని నేను పందెం కాస్తాను.

ఇలా తల ఎత్తి చూడటంలో ఇంకో లాభం ఉంది. 1981లో బెట్టీ గ్రేసన్, మోరిస్ స్టైన్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ వీధిలో నడిచే మనుషులను రహస్యంగా చిత్రీకరించి, దాడి నేరాలకు శిక్ష అనుభవిస్తున్న ఖైదీలకు చూపించారు. ఎవరి మీద దాడి చేయడం తేలిక అని అడిగితే, ఖైదీల ఎంపికల్లో చెప్పుకోదగ్గ ఏకాభిప్రాయం కనిపించింది. నడకలో పొందిక, అడుగు పొడవు, శరీరమంతా ఒకటిగా కదులుతోందా అన్నవి ఆ ఎంపికను ప్రభావితం చేశాయి. దీన్ని బట్టి దాడికి గురైనవారిదే తప్పు అనుకోవడం అన్యాయం, తప్పు ఎప్పుడూ దాడి చేసినవాడిదే. కానీ దుండగుడు కూడా ఒక లెక్క వేసుకుంటాడు, ఆ లెక్కలో మీరు ఖరీదైన అంకెగా కనబడటం మీ చేతిలో కొంతవరకు ఉంది.

ఇప్పుడు యోధుడు అన్న మాట దగ్గరకు వస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో నన్ను కాస్త కలవరపెట్టింది ఆ మాటే. జైలు అధికారిగా పనిచేసి హింస గురించి చాలా రాసిన రోరీ మిల్లర్ రెండు రకాల హింసను విడదీసి చూపుతాడు. ఒకటి పరువు కోసం జరిగేది: చూపుతో మొదలై, మాటకు మాట పెరిగి, తోపులాటై, దెబ్బగా మారేది. రెండోది వేట: మీ నుంచి ఏదో కావాలని వచ్చేవాడు చేసేది. మీకు ఎదురైంది రెండోది. మీలాగా అవమానపడ్డ మనిషి ఆ తర్వాత చిక్కుకునేది మాత్రం చాలావరకు మొదటిదానిలో. ఇక ఎవరినీ ఊరుకోను అన్న పట్టుదలతో తిరుగుతూ, ఎవడో దారి అడ్డం వచ్చి తిడితే గత నెల బాకీ అతని మీద తీర్చుకుంటారు. తెలుగులో తెగువ, తెంపరితనం అని రెండు మాటలున్నాయి, ఒకే ధాతువులోంచి వచ్చినట్టు వినబడతాయి. తెగించవలసిన చోట తెగించడం తెగువ. ఆ చోటు ఏదో తెలియకుండా కయ్యానికి కాలు దువ్వడం తెంపరితనం.

ఇది పుస్తక జ్ఞానంతో చెప్పడం లేదు. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు, పోటీల్లో గెలుస్తున్న రోజుల్లో, నా బండికి ఒకాయన బండి గీసుకుంది. తప్పు ఆయనదే. ఆయన ఒక మాట అన్నారు, నేను రెండు అన్నాను, ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు, నేను రెండు అరచేతులతో ఛాతీ మీద తోశాను. కొట్టను కూడా లేదు, తోశాను. ఆయన చెప్పు వెనుక ఉన్న గట్టుకు తగిలి వెల్లకిలా పడ్డారు. తల సిమెంటు అంచుకు తగిలిన చప్పుడు ఇప్పటికీ నాకు గుర్తుంది, కొబ్బరికాయ నేల మీద పడ్డట్టుగా, ఖాళీగా. ఎనిమిదో పదో సెకన్లు ఆయన కదలలేదు. తరువాత లేచి కూర్చున్నారు, కుట్లు పడ్డాయి, నాతో రాజీకి వచ్చారు, అది ఆయన మంచితనం. ఒకే ఒక్క దెబ్బతో, ఒక్క తోపుతో మనిషి పడి తలకు దెబ్బ తగిలి చనిపోయిన సంఘటనలు అరుదేమీ కావు. గీత విలువ ఎంత, నేను ఒడ్డింది ఎంత అని ఆ రాత్రంతా లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. అప్పటి నుంచి నా కాగితం మీద ఒక ముడి ఉంది: ఎవరైనా నన్ను తిడితే, ఆ వాదనలో ఓడిపోయి వెళ్లిపోతాను. కరాటే వచ్చినవాడికి ఈ ముడి వేసుకోవడం అందరికంటే కష్టం, అవసరం కూడా అందరికంటే ఎక్కువే.

చాకు సంగతి నా కాగితంలో లేదు, మీ కాగితంలోనూ ఉండకూడదు. అది చట్టపరంగా ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్న చర్చను పక్కన పెట్టినా, కాలరు పట్టుకున్నప్పుడు చేతులే పైకి లేపలేకపోయిన మనిషి, జేబులోంచి చాకు తీసి, తెరిచి, సరిగ్గా పట్టుకోగలడా? అది బయటకు వచ్చిందంటే ఫోను దొంగతనం ప్రాణాల మీదకు వచ్చిన గొడవగా మారిపోతుంది, పెనుగులాటలో అది ఎవరి చేతిలోకి పోతుందో చెప్పలేం. అన్నింటికంటే ముఖ్యంగా, జేబులో ఆయుధం ఉన్న ధీమా మనిషిని, లేకపోతే వెళ్లని చోటికి తీసుకువెళుతుంది. ఒక మంచి టార్చిలైటు పెట్టుకోండి. చీకట్లో దారి చూడటానికీ పనికొస్తుంది, కళ్లలో వేస్తే ఒక క్షణం దొరుకుతుంది, పోగొట్టుకున్నా బాధ లేదు.

ఎక్కడైనా సరే, ఆత్మరక్షణను న్యాయం చూసే తీరులో స్థూలంగా మూడు ప్రశ్నలుంటాయి: ప్రమాదం అప్పటికప్పుడు ముంచుకొచ్చిందా, బలప్రయోగం తప్పనిసరి అయిందా, వాడిన బలం ఎదురైన ప్రమాదానికి తగినంతే ఉందా. ఈ మూడో ప్రశ్నకు కావలసినదీ, సాధన గది నేర్పనిదీ ఒకటే: ఆగడం. కిందపడ్డవాడిని, వెనుదిరిగి పరుగెత్తేవాడిని కొట్టిన ప్రతి దెబ్బా మిమ్మల్ని బాధితుడి వరుసలోంచి నిందితుడి వరుసలోకి జరుపుతుంది. అందుకే ప్రతి డ్రిల్లునూ దెబ్బతో కాక, వెనక్కి తగ్గి, చుట్టూ చూసి, బయటికి పరుగెత్తడంతో ముగించమంటాను.

ఇక శరీరం. అడ్రినలిన్ ఎగసినప్పుడు చూపు సొరంగంలోంచి చూసినట్టు కుంచించుకుపోతుంది, కొందరికి శబ్దాలు వినబడవు, చేతివేళ్లతో చేసే సున్నితమైన పనులు తడబడతాయి. గుండె నిమిషానికి ఇన్నిసార్లు కొట్టుకుంటే ఇది పోతుంది, అన్నిసార్లు కొట్టుకుంటే అది పోతుంది అని పట్టికలు తిరుగుతుంటాయి, వాటిని పట్టుకుని వేలాడకండి. పరుగు వల్ల పెరిగిన గుండె వేగం, భయం వల్ల పెరిగిన గుండె వేగం మనసు మీద ఒకేలా పనిచేయవు. మీరు చేయవలసింది ఏమిటంటే, పట్టు విడిపించుకునే ఆ ఏడు పద్ధతుల్లో మణికట్టు మెలికలు, వేళ్ల పట్టులు కోరేవాటిని పక్కనపెట్టి, మొత్తం శరీరంతో చేసే ఒక్కదాన్ని ఉంచుకోవడం. ఆ ఒక్కదాన్నీ ఎదిరించే మనిషి మీద సాధన చేయండి. 1882లో జూడోను స్థాపించిన జిగోరో కానో, పూర్తి బలంతో ఎదిరించే జోడీతో చేసే స్వేచ్ఛా సాధనను తన పద్ధతికి ప్రాణంగా పెట్టుకున్నాడు. అందుకోసం ప్రమాదకరమైన పట్లను అందులోంచి తీసేశాడు. కొద్ది పట్లు నిజంగా చేయగలగడం, అనేక పట్లు ఊహలో చేయగలగడంకంటే మేలని ఆయన గ్రహించాడు.

సంఘటన తరువాత కాళ్లు వణికాయన్నారు. వాడకుండా మిగిలిపోయిన ఇంధనం అలాగే బయటికి పోతుంది, దానికి సిగ్గుపడనక్కర్లేదు. ఇంకెప్పుడైనా ఇలాంటిది జరిగితే, వెలుతురు, మనుషులు ఉన్నచోటికి చేరాక మొదట మీ ఒళ్లంతా అరచేతులతో తడిమి చూసుకోండి. కత్తిపోటు ఆ వేడిలో పిడిగుద్దులా అనిపిస్తుంది, రక్తం చూసేదాకా తెలియదు. జ్ఞాపకంలో ఖాళీలుంటాయి, వరుస తారుమారవుతుంది. ఫిర్యాదులో గుర్తున్నది మాత్రమే చెప్పండి, ఖాళీలను ఊహతో పూరించకండి. మీకు జరిగి ఇప్పటికే నెల దాటింది. ఆ దృశ్యం మళ్లీమళ్లీ కళ్ల ముందుకు వస్తున్నా, నిద్ర చెదురుతున్నా, ఆ దారిని తప్పించి తిరుగుతున్నా, మానసిక నిపుణులను కలవండి. నా విద్యార్థుల్లో అలా వెళ్లినవారు సాధనకు త్వరగా తిరిగి వచ్చారు, వెళ్లనివారిలో కొందరు అసలు తిరిగి రాలేదు.

ఈ వారం మీ గురువుగారిని ఒక సహాయం అడగండి. తరగతి అయిపోయి, మీరు సంచి భుజాన వేసుకుని, ఒక చేత్తో ఫోను చూస్తూ గుమ్మం దాటుతున్నప్పుడు, ఏ రోజన్నది చెప్పకుండా, ఇద్దరు తోటి విద్యార్థులు మీ మీదకు రావాలి, ఒకరు కాలరు పట్టుకోవాలి, గట్టిగా అరవాలి. ఆపవలసి వస్తే ఏ మాట అనాలో ముగ్గురూ ముందే అనుకోండి, వెనుక గోడకు ఒక చాప కట్టండి. మీరు చేయవలసినవి మూడే: చేతులు పైకి, ఆగు అని అరుపు, ఫోను ఒక పక్కకు విసిరి రెండో పక్కకు పరుగు. నిజం ఫోను వద్దు, దాని బదులు ఒక చెక్క ముక్క పట్టుకోండి. మొదటిసారి మళ్లీ బిగుసుకుపోతారు. ఎన్ని సెకన్లో మూడో విద్యార్థి చేత లెక్కపెట్టించి, ఆ అంకెను కాగితం వెనుక రాసుకోండి.